కాలిబాటలో సైకిలు స్వారి

సైకిలు తొక్కనేర్చిన బాలికలు నేడు మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో ఎందఱో కలరు. బడి దూరమైనచో తండ్రి కొనియిచ్చును. ప్రభుత్వమువారును ఉన్నతపాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచియున్నారు. పదవతరగతి ముగియుటతో ఆ సైకిలు తమ్మునికి పోవును, లేదా వసారాలో తుప్పు పట్టును. పెండ్లియైన స్త్రీ దానిని మరల ఎక్కుట అరుదు. అట్టి యామె చెలులతో కూడి, ఏ పనియు లేక, సైకిలుమీద కొండయడవికి పోయివచ్చెననిన నమ్మువారుందురా? అయినను పోవచ్చును. ఎట్లు పోవచ్చునో ఈ నెల వ్రాయదలచితిని.

కొండదారులకై ప్రత్యేకముగా చేసిన సైకిలు పుట్టి ఇంచుమించు ఏబదియేండ్లైనది. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున టమల్పయస్ అను కొండ కలదు. 1970వ దశకమున ఆ ప్రాంతపు యువజనులు కొందఱు లావుటైర్ల పాతసైకిళ్ళను బాగుచేసికొని మట్టిదారుల వెంట కొండవాలున దిగజొచ్చిరి. 1976లో పందెమును పెట్టుకొనిరి. అడుగునకు చేరునప్పటికి వెనుకచక్రపు బ్రేకులోని గ్రీసు కాలి పొగయై పోయెడిది. ప్రతిసారియు క్రొత్తగా కూరవలసి వచ్చెడిది. అందుచేతనే ఆ పందెమునకు ‘రీప్యాక్’ అను పేరు కలిగినది. ఆ గుంపులో వెండీ క్రాగ్ అను స్త్రీయు నుండెను. తానును స్వారి చేయుచు, తోడివారి ఛాయాచిత్రములను తీసినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ స్వారికి చోటు దొరకగా, స్త్రీల పందెమున ఇటలీదేశపు పావొలా పెట్జో స్వర్ణపతకమును గెలుచుకొన్నది.

ఈ స్వారి యందు రుచి తెలిసినవారు మిక్కిలి కోరునది వెడల్పుదారి కాదు. ఒక్క మనిషి నడువజాలినంత సన్నని బాట. సంస్కృతమున దీనికి ‘ఏకపది’ యని చక్కని పేరు కలదు. అట్టి బాటను ఏ ఇంజనీరును గీయలేదు. మేకలు తొక్కినవి, పశులకాపరులు తొక్కిరి, వారికంటె నెక్కువగా కట్టెలకును, సీతాఫలములకును పోవు స్త్రీలు తొక్కిరి. కొండబాటలో స్త్రీ కనబడుట వింత యని తలచువారు ఈ సంగతి మఱచుచున్నారు. తలపై మోపుతో పోవునపుడు ఎవరికిని తోచని వింత, సైకిలుమీద నవ్వుచు పోవునపుడే తోచును.

గడచిన మార్గశిరమున మేము నలుగురము కొండవీటికి పోయితిమి. గుంటూరికి పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరము. రెడ్డిరాజుల రాజధానియై, శ్రీనాథుని విద్యాధికారిగా చూచిన కొండ అది. 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమైనది. నేడు పైవఱకు ఘాటురోడ్డు కలదు. సైకిళ్ళను కొండక్రిందివఱకు ట్రాలీ ఆటోలో వేసికొని పోయితిమి. లారీలు పరుగెత్తు రోడ్డుపై తొక్కుట ధైర్యమని నేనెంచను. సైకిళ్ళలో ఒకటి మాత్రమే కొన్నది. మిగిలిన మూడును కుమారులు కాలేజీలకు పోయినపిదప ఇండ్లలో మూలబడినవి.

మాలో ఒకామె ముప్పదియేండ్లుగా సైకిలును తాకలేదు. నెలదినములు తెల్లవారుజామున బడి ఆటస్థలమున సాధన చేసినది. “పడి నడుము విఱిగితే ఇంట్లో ఎవరు చేస్తారమ్మా?” అని అత్తగారడిగిరట. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. మన యిండ్లలో స్త్రీ కాలు బెణికినచో పొయ్యి ఆరునన్నది నిజమే. ఆనాటి వంట ఆమె భర్తయు, కుమారుడును చేసిరి. పప్పులో ఉప్పు లేదని అత్తగారు సాయంకాలము మాకు ఫోనులో చెప్పిరి గాని, కోడలిని మరల పోవలదని మాత్రము చెప్పలేదు.

తెల్లవారునప్పటికి ఘాటురోడ్డు ఎక్కుచుంటిమి. క్రింద నల్లరేగడి పొలములలో ప్రత్తి తెల్లగా విచ్చియున్నది. మిరప యింకను పచ్చికాయ. పైన చెఱువులు కలవు. వానినడుమ తంగేడు, బలుసు, సీతాఫలపు పొదల మధ్యగా బాటలు సాగును. బాటలోనికి తిరిగినంతనే మాటలాగిపోవును. చెవికి చక్రముక్రింద గులకరాళ్ళ చప్పుడును, ముందుపోవు నామె “రాయి!” యని హెచ్చరించు కేకయు తప్ప మఱేమియు వినబడదు. ఇంటిపని తలపునకు రాని గంట అదియొక్కటే యని మా చెలి అన్నది. నాకును అట్లే తోచినది.

ఒక మలుపున ఎండుకట్టెల మోపుతో ఒక వృద్ధురాలు ఎదురైనది. మేము దిగి, సైకిళ్ళను పొదవైపునకు ఒరగించి త్రోవ యిచ్చితిమి.

“యాడికి పోతన్నారమ్మా?”

“చెరువుల దాకా, పెద్దమ్మా.”

“ఏం పనిమీద?”

“పనేం లేదు. ఊరికే చూసిపోదామని.”

ఆమె మోపు దించి, బండపై కూర్చుండి నవ్వినది. “ముప్పైయేళ్ళ బట్టి ఎక్కుతన్నా ఈ కొండ. పని లేకుండా ఒక్కనాడన్నా ఎక్కలా.” పిమ్మట మేము చూచుచున్న దిక్కునకే చూచి, “అదుగో మా ఊరు. ఇక్కణ్ణించి ఇంత చిన్నగా కనపడద్దని ఎప్పుడూ చూళ్ళా” అన్నది. మా వద్దనున్న మంచినీళ్ళు త్రాగి, కొంతసేపు అట్లే కూర్చున్నది. మోపు మరల ఎత్తుటకు ఇద్దఱము చేయి వేయవలసి వచ్చినది. దాని బరువు మాకప్పుడు తెలిసినది.

ఈ స్వారికి పూనుకొను సోదరీమణులు కొన్ని సంగతులెఱుగవలెను. చూపు రాతిమీద నిలుపరాదు, పోవలసిన చోటిమీద నిలుపవలెను. చూపెటు పోయిన చక్రమటు పోవును. వాలున దిగునపుడు సీటును కొంత దించి, పెడళ్ళపై నిలిచి, శరీరమును వెనుకకు ఉంచవలెను. ముందుబ్రేకును ఒక్కసారిగా నొక్కినచో తలక్రిందులగుట నిశ్చయము. రెండింటిని మెల్లగా పట్టవలెను. గేరును ఎత్తు రాకముందే మార్చుకొనవలెను. బెదరు కలిగినచోట దిగి నడిపించుకొనిపోవుట అవమానము కాదు. మేము ఆనాడు పలుమార్లు దిగితిమి. చీరకంటె పైజామా మేలు. చున్నీని ఇంటనే విడువవలెను, అది చక్రములో చిక్కినచో ప్రాణాపాయము. హెల్మెట్ తప్పదు. ముగ్గురికి తక్కువగా పోరాదు. ఒకరికి దెబ్బ తగిలినచో ఒకరు వద్దనుండుటకును, ఒకరు సహాయమునకు పోవుటకును వీలుండవలెను. తుమ్మముండ్లు టైరును మన్నింపవు గనుక అదనపు ట్యూబును, గాలిపంపును వెంటనుంచుకొని, పంచరు వేయుట ఇంటనే నేర్చుకొనవలెను.

ఇక నల్లమల మాట. మార్కాపురము, దోర్నాల వైపువారు ఆ యడవి దగ్గఱనే యున్నదని ఉబలాటపడుదురు. అది నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక లోనికి పోరాదు. అది చెంచులకు ఇల్లు, పులులకు ఇల్లు; మన సరదాకు విడిచినచోటు కాదు. అటవీశాఖవారు అనుమతించిన దారులకే తృప్తిపడవలెను. చిన్నకొండలకు పోవునపుడును అడిగిపోవుట మంచిది.

కాలనిర్ణయము కూడ ముఖ్యమే. వానలలో రేగడిమన్ను చక్రమునకు చుట్టుకొని, సైకిలును కదలనీయదు, భుజమున మోయవలసివచ్చును. మాఘఫాల్గుణములలో ఎండకు తోడు మిరపకల్లముల ఘాటు గాలిలో వ్యాపించి, కండ్లు తెఱువనీయదు. కావున కార్తికము దాటినపిదప, సంక్రాంతి లోపల బయలుదేరవలెను. తెల్లవాఱకముందే ఇల్లు విడిచి, పదిగంటలకు కొండ దిగవలెను.