పక్క పిల్లలకు ఎవరు నేర్పుతారు?

సింగపూర్‌లో మన తెలుగువాళ్ల పండగ సభల్లో గుమ్మం దగ్గర ఓ పావుగంట నిలబడితే ఒక మాట పదేపదే వినబడుతుంది: “అంకుల్‌కి హాయ్ చెప్పు నాన్నా.” చాలామంది పిల్లలు చెప్పేసి లోపలికి పరుగెడతారు. కొందరు చెప్పరు. అమ్మ ఇంకోసారి అడుగుతుంది, నాన్న భుజం తడతాడు, అంకుల్ గారు చనువుగా బుగ్గ గిల్లుతారు. అదే సమయానికి స్టేజి మీద ఎవరో మైకు పట్టుకుని “హలో, హలో, చెక్” అంటారు. పిల్లవాడు రెండు చెవులూ మూసుకుని నేల మీద కూలబడతాడు. ఆ కుటుంబం భోజనాలు మొదలుకాకముందే వెళ్లిపోతుంది, మరుసటి ఏడు ఉగాదికి రాదు. పాపం బిజీ అయ్యుంటారు అనుకుని మనం ఊరుకుంటాం.

ఆటిజం, ఏడీహెచ్‌డీ లాంటి తేడాలతో పెరుగుతున్న పిల్లల్ని ఇప్పుడు న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. అలాంటి చిన్నారులు నలుగురిలో మసలుకోవడం ఎలా నేర్చుకుంటారన్నది ఈ సంచికలో మాట్లాడుకోవాలనుకున్నాం. కానీ ఈ సంపాదకీయం ఎక్కువగా ఆ తల్లిదండ్రుల కోసం కాదు, మిగతా మనందరి కోసం.

ఎందుకంటే వాళ్లకు దారి చాలావరకు తెలుసు. సింగపూర్‌లో పాలీక్లినిక్‌లో అనుమానం చెబితే కేకే ఆసుపత్రిలోనో నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రిలోనో ఉన్న పిల్లల ఎదుగుదల విభాగానికి పంపుతారు. అక్కడ చూసి, సాయం ఎక్కువ కావాల్సిన పిల్లలకు ‘ఎపిక్’ అని అందరూ పిలుచుకునే ఎర్లీ ఇంటర్వెన్షన్ కార్యక్రమాన్ని సూచిస్తారు. బడి వయసు రాని పిల్లల కోసం ఉన్న ఈ తరగతులను రెయిన్‌బో సెంటర్, ఆటిజం రిసోర్స్ సెంటర్ లాంటి సంస్థలు నడుపుతున్నాయి. పెద్దయ్యాక 2004లో మొదలైన పాత్‌లైట్ లాంటి స్కూళ్లున్నాయి. ప్రత్యేక అవసరాలు ఎక్కువగా ఉన్న పిల్లలకు కూడా 2019 నుంచి నిర్బంధ విద్య వర్తిస్తోంది, ఈ దేశ పౌరులైతే. మనలో వర్క్ పాస్‌ల మీద ఉన్నవాళ్లకు సర్కారు సబ్సిడీలు అందవు. ప్రైవేటు థెరపీకి జీతంలో పెద్ద ముక్కే పోతుంది. అయినా ఆ ఖర్చుకు వెనకాడిన తల్లిదండ్రులు తక్కువ. ఆలస్యం జరిగేది మొదటి అడుగు దగ్గరే. “మీ మేనమామకీ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు” అన్న అమ్మమ్మ ఓదార్పులో ఒక్కోసారి ఏడాది కరిగిపోతుంది. ఆవిడది ప్రేమే, కాదనం. మేనమామ మాట మేనమామదే, ముందు డాక్టరుకి చూపించండి.

థెరపీ గదిలో ఏం చేస్తారో దగ్గర్నుంచి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మూడేళ్ల పాప ముందు థెరపిస్టు సబ్బు బుడగలు ఊదుతుంది. పాప గెంతుతుంది. థెరపిస్టు మూత బిగించేసి సీసా పాప చేతికిస్తుంది, ఇక నోరు మెదపదు. పాప మూత తిప్పి చూస్తుంది, రాదు. విసుగ్గా ఓ శబ్దం చేస్తుంది. థెరపిస్టు ఇంకా అలాగే కూర్చుంటుంది. చివరికి పాప సీసాను ఆమె చేతిలో పెట్టి, ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూస్తుంది. అంతే, బుడగలు మళ్లీ లేస్తాయి. ఒకరిని సాయం అడగడమంటే ఏమిటో ఆ పాపకు తెలిసింది. ఈ పాఠంలో కష్టమైన భాగం థెరపిస్టుది: ఊరుకోవడం. మన ఇళ్లలో అది మహా కష్టం. “ఏం పేరమ్మా? చెప్పు. సిగ్గా? సిరి అని చెప్పు” అని ప్రశ్న, జవాబు, వ్యాఖ్యానం మూడూ మనమే కానిచ్చేస్తాం.

ఇంతా చేసి అక్కడ నేర్చింది పెద్దవాళ్లతో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో. దాన్ని వాడాల్సింది తోటిపిల్లలతో, గోలగా ఉన్నచోట. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంటుంది వ్యవహారం. నీళ్లు మన దగ్గరున్నాయి.

కానీ మన సభలు ఆ పిల్లలకు అంత అనువుగా లేవన్నది ఒప్పుకోవాలి. స్పీకర్ల హోరు సరే, మన ముద్దుమురిపాలు కూడా ఒక్కోసారి వాళ్లకు చిక్కే. “మీ అమ్మ నిన్ను మాకిచ్చేసింది, పద మా ఇంటికి పోదాం” అని ఏడిపించడం మనకు సరదా. మాటను మాటగానే తీసుకునే పిల్లవాడికి అది నిజంగా ఇల్లు పోయిన వార్త. ఇక “కళ్లలోకి చూసి మాట్లాడు” అన్న పోరు. పెద్దవాళ్ల కళ్లలోకి చూస్తే పొగరు అనిపించుకున్న తరం మనది, మనమే ఇప్పుడు చూడనందుకు పిల్లల్ని కోప్పడుతున్నాం. కళ్లలోకి చూస్తూ ఉంటే ఎదుటివాళ్ల మాట సరిగ్గా వినలేమని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఎందరో చెప్పుకున్నారు. పక్కకు చూస్తూనే వింటున్నారు, విననివ్వండి.

బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్‌ది ఆటిజం ఉన్న పరిశోధకుడి గొంతు. ఆటిజం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉన్న ఇబ్బంది అని ఆయన 2012లో వాదించారు. అదే ఏడాది అమెరికాలో కాన్నీ కసారి బృందం ప్రచురించిన పరిశోధన మనలాంటి సంఘాలకు మరీ పనికొస్తుంది. 30 స్కూళ్లలో మామూలు తరగతుల్లో చదువుతున్న, ఆటిజం ఉన్న 60 మంది పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి పెద్దవాళ్లు విడిగా కూర్చోబెట్టి స్నేహం చేయడమెలాగో నేర్పారు. ఇంకొందరి విషయంలో ఆ పిల్లల జోలికి పోకుండా, వాళ్ల క్లాసులో ముగ్గురేసి పిల్లలకు ఒంటరిగా ఉన్నవాళ్లను ఆటలో కలుపుకోవడం నేర్పారు. ఆరు వారాల తర్వాత చూస్తే, తోటివాళ్లకు నేర్పిన చోటే ఆ పిల్లలకు క్లాసులో ఎక్కువ చోటు దొరికింది. అది బడి పిల్లల లెక్క, మూడేళ్లవాళ్లకు అచ్చంగా అలాగే పనిచేస్తుందని చెప్పలేం. అయినా ఆలోచనలో పడేసే ఫలితమే.

ఇక్కడ సింగపూర్‌లో, లెంకోక్ బహ్రూలోని ఎనేబ్లింగ్ విలేజ్‌లో 2016 నుంచి కిండిల్ గార్డెన్ అనే ప్రీస్కూల్ నడుస్తోంది. అందులో పదిమందిలో ముగ్గురి చొప్పున ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సీట్లు కేటాయించారు. ఇసుకలో ఆడినా, బొమ్మలు పంచుకున్నా అందరూ కలిసే. మన ఆదివారం తెలుగు తరగతులు అలా ఎందుకు ఉండకూడదు?

తెలుగు అన్నాం కాబట్టి ఒక్క మాట. “మాటలు రావడం లేదు, ఇంట్లో ఇంగ్లిషు ఒక్కటే మాట్లాడండి” అనే సలహా ఇంకా అక్కడక్కడా వినబడుతోంది. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషల వల్ల మాటలు మరింత ఆలస్యమవుతాయని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలలేదు. తెలుగు ఆపేస్తే మాత్రం వీడియో కాల్లో తాతయ్యతో ఉన్న కాస్త మాటా పోతుంది.

కలుపుకోవడం పెద్దవాళ్లకు ఉన్నంత కష్టం పిల్లలకు కాదు. ఓ హాలు మూలన ఒకబ్బాయి ఎమ్మార్టీ స్టేషన్ల పేర్లు వరుసగా చెప్పుకుంటున్నాడు. ధోబీఘాట్ రాగానే ఆగి, మూడు లైన్ల నంబర్లూ చెప్పాడు. ఇంకో పిల్లవాడు వచ్చి పక్కనే చతికిలబడి, “మరి లిటిల్ ఇండియా?” అన్నాడు. “ఎన్ఈ 7, డీటీ 12.” కాసేపటికి ఇద్దరూ కుర్చీలు వరసగా పెట్టేసి రైలు నడిపారు. వచ్చినవాడు హాయ్ చెప్పలేదు, మొదటివాడు ముఖమెత్తి చూడలేదు. స్నేహం మాత్రం కుదిరింది. కుర్చీలు సర్దమని పెద్దవాళ్లు కేకేసేదాకా నడిచింది.

వచ్చే పండగ సభకు కొన్ని మార్పులు చేస్తున్నాం. హాలు పక్కన దీపాలు తగ్గించిన ఒక గది, అందులో చాపలు, బొమ్మలు. స్పీకర్లకు దూరంగా కొన్ని కుర్చీలు. ఏ కార్యక్రమం తర్వాత ఏది ఉంటుందో బొమ్మలతో కూడిన వరుస ముందే వాట్సాప్‌లో. అన్నిటికంటే ముఖ్యం, ఏడేళ్లు దాటిన మిగతా పిల్లలకు సభకు ముందు అరగంట ఆట: ఒంటరిగా ఉన్నవాళ్ల పక్కన కూర్చోవడం, వాళ్లు ఆడుతున్నదే ఆడటం, చిన్న మాటతో అడగడం, జవాబు కోసం ఆగడం, వెళ్లిపోతే బాధపడకుండా కాసేపాగి మళ్లీ పిలవడం. పెద్దలు కూడా వచ్చి కూర్చోవచ్చు, బుగ్గలు గిల్లే అంకుల్స్‌కు ముందు వరస.

పేర్లు నమోదు చేసుకునే ఫారంలో ఈసారి కొత్తగా ఒక గడి ఉంటుంది: మీ పిల్లల గురించి మాకు తెలియాల్సింది. డాక్టరు ఏం చెప్పారో అందులో రాయనక్కర్లేదు. బెలూన్ పగిలితే భయం అని రాస్తే చాలు, బెలూన్లు కట్టడం మానేస్తాం.