విధికుడి కుండ

గుంటూరు నుంచి వచ్చి అమరావతిలో బస్సు దిగి, స్తూపం దగ్గరికి పోనివ్వమంటే ఆటో అతను నన్ను ఎగాదిగా చూశాడు. "స్తూపం కాడికా? అక్కడేముందండీ, గడ్డి దిబ్బ. గుడి కాడ దింపుతా, కృష్ణలో కాళ్లు కడుక్కుని అమరేశ్వరుణ్ణి చూసుకోండి" అన్నాడు. అతని తప్పేం లేదు. వెళ్తే కనిపించేది అదే మరి. పచ్చిక, గుండ్రంగా ఇటుకల తిన్నె, చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన రాతి పలకలు. పది నిమిషాల్లో చుట్టి రావచ్చు. ఒకప్పుడు ఊరివాళ్లు దాన్ని దీపాలదిన్నె అనేవారు. ఇప్పుడు ఆ పేరు కూడా ఎవరి నోటా రావడం లేదు.

మీ జేబులో రెండొందల నోటుంటే తిప్పి చూడండి. వెనక సాంచి స్తూపం ఉంటుంది. సాంచి మీద నాకు కోపమేమీ లేదు, అది గొప్ప కట్టడం. కానీ దాని వ్యాసం 36 మీటర్ల పైచిలుకు, అమరావతిది దాదాపు 50. దొరలు సాంచిని చూసింది 1818లో. అమరావతికి సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చింది అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1797లో. ముందు దొరికిందీ మనదే, పెద్దదీ మనదే. నోటు మీదికెక్కింది మాత్రం సాంచి. సాంచి ఎందుకు నిలిచింది, అమరావతి ఎందుకు పోయింది అని ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలో ఏకంగా ఒక భాగమే ఉంది. మన పిల్లలు దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోతున్నారు.

ఎలా పోయిందో చెప్పుకుంటే కడుపు మండుతుంది. చింతపల్లి నుంచి రాజధాని మార్చుకున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడికి కొత్త ఊరు కట్టడానికి రాయీ ఇటుకా కావాలి. దగ్గర్లో ఉన్న దిబ్బ తవ్వితే రెండూ దండిగా దొరికాయి. ఆయన్ని ఒక్కణ్ణే అని లాభం లేదు. ఆ రోజుల్లో దిబ్బంటే ఎవరికైనా దిబ్బే. మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి స్తూపం నడిమధ్య చెరువు గొయ్యి ఉంది. పలకలు కొన్ని కోనేటి మెట్లయ్యాయి, కొన్ని గోడల్లోకి పోయాయి, చాలావరకు సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. లండన్‌లో వీటిని ముద్దుగా 'మార్బుల్స్' అన్నారు గానీ ఇది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. ఉలికి మెత్తగా లొంగుతుంది కాబట్టే శిల్పి చేతిలో అంత సన్నని పని పలికింది. కాలిస్తే మంచి సున్నమవుతుంది కాబట్టే ఆ పనంతా బట్టీ పాలైంది. సున్నపురాయి కావడమే దాన్ని నిలబెట్టింది, సున్నపురాయి కావడమే దాన్ని తగలబెట్టింది.

మెకంజీ మనుషులు కూర్చుని గీసిన బొమ్మలు ఎనభైకి పైనే ఉన్నాయి. వాటిలో చాలా పలకలకు ఇప్పుడు రాయి లేదు, కాగితమే మిగిలింది. తర్వాత మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ తాను కట్టించిన బజారుకు సొగసుగా ఉంటాయని కొన్ని పలకలు పట్టుకుపోయాడు. ఆ పేట ఇప్పటికీ బందరులో రాబర్ట్‌సన్‌పేటే. 1845లో గుంటూరు నుంచి కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ వచ్చి తవ్వించి, దొరికినవి మద్రాసుకు తోలించాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కాయి. లండన్ చేరాక ఏదో మర్యాద జరిగిందనుకుంటున్నారా? ఫైఫ్ హౌస్ అనే భవనంలో, గుర్రపు బగ్గీలు పెట్టుకునే కొట్టంలో, చెత్త కింద పడి ఉంటే 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటబడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అదే ఏడు ఇక్కడ మద్రాసు గవర్నరు, బకింగ్‌హామ్ డ్యూకుగారు, మిగతా దిబ్బంతా శుభ్రంగా తవ్వేయమని హుకుం వేశాడు. ఆ తర్వాత పరీక్షించడానికి వచ్చిన పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్‌కు దొరికింది పెద్ద గుంట.

ఇంతా పోయాక మిగిలినవాటి సంగతి చూడండి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక ఉంది, రెండు వైపులా చెక్కినది. ఒక వైపు చెట్టు, చెట్టు కింద ఖాళీ ఆసనం, దానికి చేతులు జోడిస్తున్న జనం. బుద్ధుడు ఉండాల్సిన చోట మనిషి లేడు. ఆయన్ని మనిషి రూపంలో చెక్కని కాలం అది, క్రీస్తుకు పూర్వపు పని. దాదాపు మూడొందల ఏళ్లు గడిచాక, స్తూపాన్ని కొత్తగా తీర్చిదిద్దుతున్న రోజుల్లో, ఎవరో ఆ పాత పలకను పెళ్లగించి, బోర్లా తిప్పి, వెనకవైపు కొత్త శిల్పం చెక్కారు. కొత్తవైపు ఏముందంటే సాక్షాత్తూ స్తూపమే. ద్వారం దగ్గర స్తంభాల మీద సింహాలు, పైన ముందుకు పొడుచుకొచ్చిన తిన్నె మీద వరసగా నిలబడ్డ ఐదు ఆయక స్తంభాలు, పూలదండల చెక్కడాలతో నిండిన అండం, అంటే గుమ్మటం, ఆకాశంలో దేవతలు. ద్వారంలో ఈసారి బుద్ధుడు మనిషిగానే నిలబడ్డాడు. మూడు శతాబ్దాల మతం, కళ ఎలా మారాయో ఒక్క రాయికి రెండు వైపులా ఉంది. అంతకన్నా చిత్రం, స్తూపం ఎలా ఉండేదో మనకు తెలిసింది ఇలాంటి పలకల వల్లే. ఇల్లు కూలిపోయింది, ఆ ఇంటి గోడకు తగిలించిన ఇంటి ఫొటో మిగిలింది.

ఇంకొకటి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. గుండ్రని పతకంలాంటి చెక్కడం. బుద్ధుణ్ణి చంపాలని దేవదత్తుడు కల్లు తాగించి వదిలిన నలగిరి ఏనుగు కథ. ఎడమవైపు ఏనుగు రాజగృహం వీధిలో పడి మనుషుల్ని విసిరేస్తోంది, ఒక ఆడమనిషి భయంతో పక్కవాణ్ణి గట్టిగా పట్టుకుంది, మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఒకే ఏనుగు, ఒకే వీధి, రెండు క్షణాలు, మధ్యలో గీత కూడా లేదు. సినిమావాళ్లు కట్ అంటారే, ఆ శిల్పి దాన్ని కట్ లేకుండా చేశాడు. అక్కడి పలకల్లో చాలావాటిని అప్పట్లో గోడలకు సిమెంటుతో బిగించేశారు. రాయికి సిమెంటు ఎంత చేటు చేస్తుందో రాయి పని తెలిసిన ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు.

ఇక విధికుడి దగ్గరికి వస్తాను. అసలు నా గోడు అదే.

ఈ స్తూపం కట్టించింది ఏ ఒక్క రాజో కాదు. పలకల మీద దాతల పేర్లు ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. వర్తకులు, భిక్షుణులు, గృహిణులు, ఒక్కో పలక, ఒక్కో స్తంభం ఇచ్చినవాళ్లు. వాళ్లలో విధికుడు ఒకడు. నాగ ఉపాధ్యాయుడి కొడుకు, వృత్తి చమ్మకారం, అంటే తోలుపని. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగతో, కూతుళ్లతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని రాయించుకున్నాడు. పూలు, ఆకులు పైకి పొంగే కుండ అది. తోళ్లు ఊనే మనిషి దాదాపు రెండు వేల ఏళ్ల కింద ఇంటిల్లిపాదినీ రాతికెక్కించాడు. తాజ్‌మహల్ కట్టిన కూలీలెవరని ఆరా తీసే మనకు, వందలమంది మామూలు మనుషులు తమ పేర్లు తామే రాసుకున్న కట్టడం ఇంటి పక్కనే ఉన్నా కళ్లకు ఆనలేదు.

ఆనలేదని ఎలా అనను? ఆనింది, నెత్తికెక్కింది కూడా. 2018లో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజముద్ర ఖాయం చేసినప్పుడు మధ్యలో పెట్టింది ఆ పూర్ణఘటమే. అది తోలుపనివాడైన విధికుడు సమర్పించినదని ముద్ర గురించి ప్రభుత్వం ఇచ్చిన వివరణలోనే ఉంది. అంటే జీవోల మీద, ఉత్తర్వుల మీద, మీకొచ్చే సర్కారు కాగితం మీద ఉన్నది విధికుడి కుండ. ఆ కాగితం పట్టుకుని కులధ్రువీకరణ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే తోలుపని ఇంటి పిల్లవాడికి, పైన ఉన్న కుండ తన వృత్తివాడు ఇచ్చిందని చెప్పినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?

అమరావతి అనగానే ఇప్పుడు గజం ఎంత పలుకుతోంది అంటారు. రాజధానికి పేరు ఇచ్చిన ఊరు, ఆ పేరు కిందే కనపడకుండా పోయింది. కోహినూరు తెప్పించాలని గంటలకొద్దీ వాదించుకునే మిత్రులున్నారు నాకు. వాళ్లలో ఒక్కరు కూడా దీపాలదిన్నె చూడలేదు. ఇక్కడి రాతి మీద దొరికిన 'నాగబు' అనే మాటను మొదటి తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారని మాతృభాషా దినోత్సవాల్లో ఉపన్యాసాలిస్తాం, మాట దొరికిన చోటికి మాత్రం వెళ్లం. ప్రకాశం జిల్లా చందవరం స్తూపం నుంచి దొంగలు ఎత్తుకెళ్లిన శిల్పం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. వాళ్లు 2016లో తిరిగి ఇచ్చేశారు. పోయినప్పుడు మనలో ఎంతమందికి తెలిసింది, వచ్చినప్పుడు ఎంతమందికి తెలిసింది?

లండన్ రాళ్లు రేపు తెమ్మని నేనడగడం లేదు. అది కోర్టులు, దేశాల మధ్య పని. నేనడిగేది చిన్నవి. దిబ్బ దగ్గర, ఏయే పలకలు ఏ వైపు ఉండేవో ఆ చోట్లలోనే వాటి నిలువెత్తు ఫొటోలు పెట్టండి. దాతల పేర్లన్నీ తెలుగులో ఒక గోడ మీద రాయండి, విధికుడి పేరు పిల్లలకు అందే ఎత్తులో. ఐదో తరగతి తెలుగు వాచకంలో ఈ కుండ కథ ఒక పాఠంగా పెట్టండి. ఆటో అతనికీ అతని పిల్లలకీ ఆ గడ్డి కింద ఏముందో తెలిసేట్టు సెలవు రోజున ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టి తెలుగులో చెప్పించండి. ఇంతకన్నా పెద్ద ఖర్చు సంక్రాంతి ముగ్గుల పోటీలకు పెడుతున్నారు.

ఇవే రెండు పేజీలు రాసి సంబంధిత కార్యాలయానికి పంపాను. నాలుగు నెలలకు జవాబొచ్చింది. తమ విన్నపం తగు చర్య నిమిత్తం మరో శాఖకు బదలాయించడమైనదని మూడు వరుసలు. కాగితం పైన, నడిమధ్యన, పూలు పొంగుతున్న విధికుడి కుండ.