భాగస్వామి అన్న పేరు వెనుక

తార్నాకలో ఆర్టీసీ కార్మికుల కోసం ఒక ఆసుపత్రి ఉంది. బస్సు నడిపే డ్రైవరుకు నడుము పట్టేసినా, కండక్టరు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా అక్కడికి వెళతారు. అది ఎవరి దయా కాదు. సంస్థకూ కార్మికునికీ మధ్య ఉన్న సంబంధం నుంచి పుట్టిన హక్కు అది. అదే తార్నాకలో, మెట్రో వంతెన నీడలో బండ్లు ఆపుకొని ఫోన్ల వంక చూస్తూ నిలబడే యువకులకు అటువంటి ఆసుపత్రి ఏదీ లేదు. వారి వీపున ఉన్న సంచి మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ కంపెనీ కాగితాలలో మాత్రం వారు దాని కార్మికులు కారు; ‘డెలివరీ పార్ట్‌నర్లు’, స్వతంత్ర కాంట్రాక్టర్లు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లకూ, హబ్సిగూడ, లాలాపేట, సీతాఫల్‌మండిల అద్దె గదులకూ పొద్దుటి నుంచి రాత్రి వరకు పార్సిళ్లు వస్తూనే ఉంటాయి. తెప్పించుకునేవారిలో విద్యార్థులున్నారు, తెచ్చేవారిలోనూ ఉన్నారు. ముస్లిం కుటుంబాల నుంచి ఈ పనిలోకి వస్తున్న యువకుల విషయం మేము ప్రత్యేకంగా ప్రస్తావించడానికి కారణం ఉంది. నెల జీతం వచ్చే ఉద్యోగాలలో ముస్లింల వాటా తక్కువనీ, సొంతంగా చేసుకునే చిన్నాచితకా పనులలో ఎక్కువనీ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఆటో, మెకానిక్ షెడ్డు, దర్జీ పని, వెల్డింగు తరువాత ఇప్పుడు యాప్ వచ్చింది. లైసెన్సు, బండి, ఫోను ఉంటే చాలు. ఇంటర్వ్యూలో పేరు విని ముఖం మార్చుకునే అధికారి ఎదురుపడడు. ఆ తలుపు తెరిచి ఉండడం చిన్న విషయమేమీ కాదని మేమూ ఒప్పుకుంటాం.

లోపలికి వెళ్లాక ఎదురయ్యే ప్రశ్న వేరు. ఈ యువకుడు నిజంగా స్వతంత్రుడా? ధర అతడు నిర్ణయించడు. వినియోగదారుణ్ణి అతడు ఎంచుకోడు. ఎంత సమయంలో చేరాలో యాప్ చెబుతుంది. ఆర్డర్లు కాదంటే రేటింగు పడిపోతుంది, ఫిర్యాదు వస్తే ఐడీ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పే మనిషి దొరకడు. అతని సొంతమల్లా బండి, పెట్రోలు, నెలసరి వాయిదా, ట్రాఫిక్ చలానా. పెద్ద పార్సిల్ కంపెనీల పద్ధతిలో ఇంకొక మెలిక ఉంది. చాలాచోట్ల కంపెనీకీ కుర్రవాడికీ నడుమ ఒక ఏజెన్సీ ఉంటుంది. డబ్బు తగ్గిందని అడిగితే హబ్‌లో ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీవారు కంపెనీ ఇంతే ఇచ్చిందంటారు.

ఈ ప్రశ్నకు మన నేల నుంచే ఒక జవాబు ఉంది. తెలంగాణ ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం కింద సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అనే దర్జీ దుకాణం వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1973లో తీర్పు వచ్చింది. అక్కడి దర్జీలకు కుట్టినదానిని బట్టే డబ్బు. రావలసిన వేళ అంటూ లేదు. ఒకరోజు రాకపోతే సెలవు చీటీ అక్కరలేదు. కొందరు యజమాని అనుమతితో బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. కనుక వీరు మా ఉద్యోగులు కారని దుకాణం వాదించింది. న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఎలా కుట్టాలో చెప్పేది యజమాని. బాగా లేకపోతే తిరగ్గొట్టి మళ్లీ కుట్టించేదీ, మాట వినని వారికి ఆపైన పని ఇవ్వనిదీ అతడే. ఆ అదుపు చాలునని, వారు ఉద్యోగులేనని తేల్చింది. ఇష్టమైనప్పుడు లాగిన్ కావచ్చు గనుక మీరు స్వతంత్రులని నేటి కంపెనీలు చెప్పే మాటకూ, ఆనాటి దుకాణం మాటకూ మాకు పెద్ద తేడా కనిపించడం లేదు. తిరగ్గొట్టే చేతి స్థానంలో రేటింగు వచ్చింది, అంతే.

బయటి దేశాలలోనూ ఇదే తగవు. అమెరికాలో ఫెడెక్స్ గ్రౌండ్ డ్రైవర్లు సొంత వాహనాలతో, కంపెనీ యూనిఫారంతో పార్సిళ్లు చేరవేసేవారు. కాంట్రాక్టర్లని కంపెనీ అన్నది. కాలిఫోర్నియా డ్రైవర్లు ఉద్యోగులేనని 2014లో అక్కడి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం చెప్పగా, మరుసటి ఏడాది 22.8 కోట్ల డాలర్లకు కంపెనీ రాజీకి వచ్చింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా కాక, కనీస వేతనానికి అర్హులైన శ్రామికులుగా గుర్తించింది.

మన యువకులకు ఇది వేతనం ఒక్కదాని గొడవ కాదు. 2019 అక్టోబరులో హైదరాబాద్‌లో ఒక వినియోగదారుడు, భోజనం తెచ్చినవాడు ముస్లిం అని తెలిసి పొట్లం తీసుకోలేదు. విషయం పోలీసుల దాకా వెళ్లింది. 2022 ఆగస్టులో ఇదే నగరంలో స్విగ్గీ ఆర్డరుకు ముస్లిం డెలివరీ మనిషి వద్దని సూచన రాసి పంపారు. తెలంగాణ గిగ్, ప్లాట్‌ఫాం కార్మికుల సంఘం నాయకుడు షేక్ సలాఉద్దీన్ దానిని బయటపెట్టి, కంపెనీ వైఖరి ఏమిటని నిలదీశారు. వినియోగదారుడు పొట్లం తిప్పి పంపితే నష్టం ఎవరిది? ఉద్యోగి అయితే అతని గౌరవానికి యజమాని జవాబు చెప్పాలి. ‘భాగస్వామి’కి జవాబు చెప్పేవారెవరు? 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆర్డరు ఇవ్వడానికి వెళ్లిన ఒక యువకుడు, పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఉద్యోగిగా గుర్తింపు ఉంటే ఆనాటికి అమలులో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం కింద కుటుంబం హక్కుగా అడగగలిగేది.

ప్రభుత్వాలు కదలలేదని అనలేం. 2023 డిసెంబరు 23న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో గిగ్ కార్మికులతో సమావేశమై 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. రాజస్థాన్ అదే ఏడాది దేశంలో మొదటి చట్టం చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో సంక్షేమ నిధి, బోర్డు, నమోదులతో ముసాయిదాను ప్రజల ముందుంచింది. కేంద్ర సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి ఇవ్వాలంటుంది. అయితే గిగ్ కార్మికుడంటే యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపలివాడని ఆ స్మృతే నిర్వచించింది. ఒక చేత్తో నిధి ఇచ్చి, రెండో చేత్తో దర్జీలు గెలుచుకున్న గుర్తింపును తీసుకున్నట్టయింది. నిధిని మేము వద్దనడం లేదు. అది గుర్తింపునకు బదులు కారాదంటున్నాం.

రాష్ట్ర నియమాలలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలని మేము కోరుతున్నాం. కారణం రాతపూర్వకంగా చెప్పి, మనిషి చేత విచారణ జరిపించకుండా ఐడీ నిలిపివేయకూడదు. మతం, కులం పేరిట తిప్పి పంపిన ఆర్డరుకు కార్మికునికి పూర్తి డబ్బు చెల్లించాలి, అది రేటింగులో లెక్కకు రాకూడదు. నడుమ ఏజెన్సీ ఉన్నా బాధ్యత పెద్ద కంపెనీదే కావాలి.

ఈలోగా ఇళ్లలో చేయగలిగిన పని ఉంది. మీ అబ్బాయో తమ్ముడో ఈ పనిలో ఉంటే ఇ-శ్రమ్ నమోదు అయిందో లేదో కనుక్కోండి. యాప్‌లో చూపిన డబ్బుకూ బ్యాంకులో పడినదానికీ స్క్రీన్‌షాట్లు దాచమనండి. ఐడీ ఆగిన రోజు యాప్ తెరుచుకోకపోవచ్చు. లోపలి లెక్కలన్నీ దానితోనే పోతాయి. ప్రమాదం జరిగితే ఆ సమయానికి చేతిలో ఉన్న ఆర్డరు వివరం అన్నింటికన్నా ముఖ్యమైన సాక్ష్యం. దానిని బండి ఎత్తిన వెంటనే భద్రపరచాలి.