వంకర గీత చెప్పిన నీటి కబురు

2005 జులైలో ఆ రెండు రాత్రులూ మిషెల్ డోహర్టీకి కంటి మీద కునుకు లేదు. భూమికి దాదాపు 150 కోట్ల కిలోమీటర్ల దూరంలో కాసినీ వ్యోమనౌక శని చందమామల్లో ఒకటైన ఎన్‌సెలాడస్ పక్కనుంచి దూసుకుపోబోతోంది. ముందు వేసుకున్న లెక్క ప్రకారం 1,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి పోవాలి. ఇప్పుడు 173 కిలోమీటర్ల నుంచే పోతోంది. అంత దగ్గరికి తీసుకెళ్లండని పట్టుబట్టింది మిషెల్ బృందమే. అక్కడ ఏమీ లేదని తేలితే? 300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన యాత్ర అది. ఆ తర్వాత ఆమె మాట ఎవరు వింటారు?

శని అనగానే మన ఇళ్లలో ముందు ఏలిననాటి శనే గుర్తొస్తుంది. ఈమెకు మాత్రం ఆ గ్రహం మీద చిన్నప్పుడే మనసు పడింది. దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగారు మిషెల్. ఆమెకు పదేళ్లప్పుడు నాన్న ఇంట్లోనే ఒక టెలిస్కోపు తయారుచేశారు. దాన్ని నిలబెట్టే దిమ్మె కోసం అక్కచెల్లెళ్లిద్దరూ కాంక్రీటు కలిపారు. శనినీ, బృహస్పతి చందమామల్నీ ఆమె మొదటిసారి చూసింది అందులోంచే.

ఇక్కడితో ‘అప్పుడే సైంటిస్టు కావాలనుకుంది’ అని రాసేస్తే అబద్ధమవుతుంది. స్నేహితురాళ్లు చేరుతున్నారని ఆమె చేరిన హైస్కూల్లో అసలు సైన్సే చెప్పేవారు కాదు. ఇంటర్‌లో ఎంపీసీ దొరక్కపోతే పిల్లల బతుకే అయిపోయిందని బెంగపడే మన అమ్మానాన్నలకు ఇది నమ్మబుద్ధి కాకపోవచ్చు. లెక్కల్లో దిట్ట కాబట్టి యూనివర్సిటీలో సైన్సు సీటు దొరికింది. మొదటి రెండేళ్లూ తెలియని భాష నేర్చుకున్నట్టే ఉందట. నెట్టుకొచ్చారు. నాటాల్ యూనివర్సిటీలో అప్లయిడ్ మ్యాథమెటిక్స్‌లో పీహెచ్‌డీ, జర్మనీలో ఫెలోషిప్, 1991లో లండన్ ఇంపీరియల్ కాలేజీ. అక్కడ బృహస్పతి అయస్కాంత క్షేత్రానికి లెక్క కట్టే పని దొరికింది. గ్రహాల దారి పట్టింది అలాగే.

1997 అక్టోబరులో బయల్దేరిన కాసినీ 2004లో శనిని చేరింది. అందులోని మాగ్నెటోమీటర్ బాధ్యత మిషెల్‌ది. కెమెరాలా అది ఫొటోలు తియ్యదు. వ్యోమనౌక నుంచి బయటికి చాచిన పొడవాటి కడ్డీ మీద కూర్చుని, చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉందో, ఎటు తిరిగి ఉందో అంకెల్లో చెబుతుంది. ఆ అంకెలే గీతలవుతాయి. పేపరు మొదటి పేజీలో వేయదగ్గ బొమ్మ కాదది!

ఎన్‌సెలాడస్ చిన్నది. అడ్డంగా కొలిస్తే 500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి చెన్నైకి మ్యాపులో తిన్నగా గీత గీస్తే దాదాపు అంతే. ఒళ్లంతా తెల్లటి మంచు, సున్నాకు దిగువన 200 డిగ్రీల చలి. 80 కిలోల మనిషి అక్కడ కిలో కూడా తూగడు. అంత తక్కువ ఆకర్షణ ఉన్నచోట గాలి నిలవదు. కాబట్టి అది గడ్డకట్టిన బండ అనే చాలామంది అనుకున్నారు.

2005 ఫిబ్రవరి 17న కాసినీ దాని పక్కనుంచి వెళ్లింది. శని అయస్కాంత క్షేత్రం గ్రహంతో పాటే గిర్రున తిరుగుతూ ఈ చందమామను దాటుకుపోతుంటుంది. అది ఉత్త మంచు బండే అయితే క్షేత్ర రేఖలు పెద్దగా చెదరకుండా సాగిపోవాలి. కానీ మాగ్నెటోమీటర్ గీతలో చిన్న వంకర కనిపించింది. వాగులో నీళ్లు బండరాయిని చుట్టి పోయినట్టు రేఖలు పక్కకు ఒంగుతున్నాయి. విచిత్రమేమిటంటే, కనిపించే రాయి కంటే అడ్డు పెద్దదిగా ఉంది! మార్చి 9న 500 కిలోమీటర్ల దగ్గరికి వెళ్లినప్పుడూ అదే వంకర. అంటే చందమామ చుట్టూ కంటికి కనిపించనిది ఏదో ఉంది.

ఇలాంటప్పుడు ‘పరికరంలో లోపమేమో’ అని పక్కన పెట్టేయడం తేలిక. మిషెల్ అలా వదల్లేదు. జులైలో ఇంకా దగ్గరికి వెళ్లాలని కాసినీ బృందాన్ని అడిగారు. దారి మార్చడమంటే బస్సు రూటు మార్చడం కాదు. మిగతా పరికరాల వాళ్ల ప్లాన్లూ కదులుతాయి. అయినా ఒప్పించారు.

జులై 14న వచ్చిన డేటాను ఆమె గుండెలు అరచేత పెట్టుకుని చూశారు. దక్షిణ ధ్రువం దగ్గర నీటి ఆవిరి ఎగజిమ్ముతోంది! గీత చెప్పిన మాటకు మిగతా పరికరాలూ సాక్ష్యం పలికాయి. ఒకటి నీటి ఆవిరిని పట్టుకుంది. ఇంకొకటి ధ్రువం దగ్గర ఉండకూడని వేడిని చూపింది. నవంబరులో కెమెరాలు పొగల్లా లేస్తున్న ఆ ధారల్ని ఫొటో తీశాయి. ఫొటోలు వచ్చాక లోకమంతా నమ్మింది, అది వేరే సంగతి.

ఆ మంచు పెంకు కింద ఉప్పు సముద్రమే ఉందని తర్వాతి ఏళ్లలో తేలింది. ఎగజిమ్మే ధారల్లో కర్బన పదార్థాలు, హైడ్రోజన్ కనిపించాయి. పాత కాసినీ డేటాను తిరగేసిన వాళ్లకు 2023లో ఫాస్ఫరస్ జాడ కూడా దొరికింది. జీవం ఉందని ఎవరూ అనడం లేదు. కానీ జీవానికి కావాల్సిన సరుకులు మాత్రం చాలావరకు అక్కడున్నాయి. అందుకే ఇంధనం అయిపోవచ్చిన కాసినీ ఎప్పటికైనా ఆ చందమామను గుద్దుకుని మన క్రిముల్ని అంటించకుండా, 2017 సెప్టెంబరు 15న దాన్ని శనిలోనే పడేశారు.

మిషెల్‌కు గుర్తింపు బాగానే వచ్చింది. రాయల్ సొసైటీ హ్యూస్ పతకం 2008లో, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం 2017లో అందుకున్నారు. ఇంపీరియల్‌లో ఫిజిక్స్ శాఖకు అధిపతి అయ్యారు. 2025లో బ్రిటన్ ‘ఆస్ట్రానమర్ రాయల్’ పదవి వరించింది. ఖగోళ విషయాల్లో రాజుగారికి సలహా చెప్పే ఈ పదవి 1675 నాటిది. ఇందులో ఒక మహిళ కూర్చోవడానికి 350 ఏళ్లు పట్టింది!

ఆమె ధ్యాస ఇప్పుడు మరో వ్యోమనౌక మీదా ఉంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2023 ఏప్రిల్ 14న పంపిన ‘జ్యూస్’లోని మాగ్నెటోమీటర్ ఆమె నాయకత్వంలో తయారైందే. బృహస్పతి చందమామ గానిమీడ్ లోపల సముద్రం ఎంత లోతుందో, ఎంత ఉప్పగా ఉందో ఆ గీతలే చెప్పాలి. షెడ్యూలు ప్రకారం బృహస్పతిని చేరేది 2031 జులైలో. గానిమీడ్ చుట్టూ తిరగడం మొదలుపెట్టేది 2034 డిసెంబరులో. అప్పటికి మిషెల్‌కు 72 ఏళ్లు.