రహీము మాష్టరుగారును మన ఆటల గంటయు

బాలుర విద్య పుస్తకములతోనే ముగియునని తలంచువారు మన పెద్దలలో ఇంకను పెక్కండ్రు గలరు. పరీక్షలు సమీపించినంతనే టైంటేబిలునందు మొట్టమొదట కొట్టివేయబడునది ఆటల గంటయే. ఆ గంటను గణితమున కిచ్చివేయుడని కోరు తలిదండ్రులును, దానిని సంతోషముతో పుచ్చుకొను ఉపాధ్యాయులును సదుద్దేశము గలవారే. అయినను వారి యభిప్రాయము సరియైనది కాదని నా విన్నపము. ఇందులకు దూరదేశపు దృష్టాంతము లక్కరలేదు. మన హైదరాబాదు నగరముననే నివసించిన యొక బడిపంతులుగారి చరిత్రము చాలును.

సయ్యదు అబ్దుల్ రహీముగారు 1909వ సంవత్సరమున ఈ నగరమున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. స్థానికపు జట్లలో తామును ఫుట్‌బాలు ఆడిరి గాని, వారికి కీర్తి వచ్చినది బోధనవలననే. వారు తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలుచుకొనెను. 1951లో ఢిల్లీయందు జరిగిన మొదటి ఏషియా క్రీడలలో వారి శిక్షణ పొందిన భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము నందెను.

మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సునందు అదే జట్టు యుగోస్లావియా చేతిలో పదింటి కొకటిగా చిత్తుగా ఓడినది. మనవారిలో కొందరు ఆ చలిదేశమున వట్టి కాళ్లతోనే ఆడిరి. ఇట్టి పరాభవమునకు పిమ్మట పెక్కురు పని మానుకొందురు. రహీముగారు మానలేదు. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్ను ఒలింపిక్సున భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోళ్లతో గెలిచి, ఏషియా ఖండమునుండి సెమీఫైనలు చేరిన మొదటి జట్టయ్యెను. అచ్చటను యుగోస్లావియాయే ఎదురుపడెను. ఈ సారి మొదటి గోలు మనవారే చేసి, కడకు 4-1గా ఓడి, నాలుగవ స్థానమున నిలిచిరి. పరీక్ష తప్పిన విద్యార్థు లీ రెండంకెలను ప్రక్కప్రక్కను వ్రాసికొని చూచుకొనవలెను.

వారి బోధనాపద్ధతి యెట్టిది? కాలితో బంతిని తనయొద్దనే త్రిప్పుకొనుచు పోరాదను నియమముతో వారు పోటీలు పెట్టించిరి. బంతి యందినంతనే తోడివానికి అందింపవలెను. బలహీనమగు కాలితోనే బంతిని తన్నవలెనను పోటీలను గూడ నడపిరి. శిక్షణ కళాశాలలో చదివిన ఉపాధ్యాయులందరికిని ఈ సూత్రము పరిచితమే. శిష్యుని లోపము నెరిగి, దానిని వేరుపరచి, సిగ్గుపడకుండ పదిమందితో కలిసి దానినే అభ్యసింపజేయుట మంచి బోధన. తనకు వచ్చిన లెక్కనే మరల మరల చేయు బాలుడు ఎన్నడును ముందునకు పోడు గదా!

1962లో జకార్తాయందలి ఏషియా క్రీడలలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0గా ఓడించెను. రక్షణపంక్తిలో ఆడు జర్నెయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీముగారు అతనిని ముందుపంక్తికి మార్చి ఆడించిరి. సెప్టెంబరు 4వ తేదీన, అంతిమపోటీలో, అదే కొరియాను 2-1గా మనవారు గెలిచిరి. రెండవ గోలు జర్నెయిలుదే. ఆ జట్టున హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు, సిక్కులు కలసి ఆడిరి. కేన్సరు వ్యాధితో రహీముగారు 1963 జూను 11వ తేదీన మరణించిరి. అటుపిమ్మట 1970లో హైదరాబాదువాడగు సయ్యదు నయీముద్దీను నాయకత్వమున కంచుపతకము వచ్చెను గాని, ఆ స్వర్ణము మనకు మరల దక్కలేదు.

ఇక తలిదండ్రుల ప్రశ్న: ఆట కూడు పెట్టునా? నిజము చెప్పవలెనన్న, నూటికి తొంబది తొమ్మండుగురకు పెట్టదు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టి, మెల్బోర్నునందును జకార్తాయందును ఆడిన తులసీదాసు బలరాముగారంతటివారే అనారోగ్యముచేత ముప్పదియేండ్లు నిండకమునుపే ఆట విరమింపవలసివచ్చెను. కావున పుస్తకము విడిచి బంతి పట్టుడని నేను చెప్పుట లేదు. బీజగణితము చదివిన వారందరును గణితశాస్త్రజ్ఞులగుదురా? కారు. అయినను బుద్ధి పదునెక్కునని దానిని నేర్పుచున్నాము. ఓర్చుకొనుట, తోడివానికి అవకాశ మిచ్చుట, న్యాయాధికారి తీర్పునకు లోబడుట అను పాఠములను ఆటస్థలము నేర్పినంత శీఘ్రముగా తరగతిగది నేర్పజాలదు. అపొస్తలుడైన పౌలు క్రైస్తవ జీవితమును పందెపు పరుగుతో పోల్చుట వృథా కాదు.

స్థలము లేదనుట రెండవ యాక్షేపణ. మన ఉస్మాన్‌గంజ్ ప్రాంతమున అంగళ్లును, సరకు మూటలును, బండ్లును నిండియున్నమాట వాస్తవమే. అయినను ఎడమకాలితో బంతి నందించుకొనుటకు పెద్ద మైదాన మేల? పాఠశాల ముంగిలి చాలును.

కావున నేను కోరునవి మూడు. పరీక్షల మాసమునందు సైతము ఆటల గంటను ఎవరును పుచ్చుకొనరాదు. జట్టునకు ఎన్నికైన పదునొకండుగురే గాక, బలహీనులును, బాలికలును ఆ గంటలో ఆడవలెను. డ్రిల్లు మాష్టరుగారితోపాటు ప్రతి తరగతి ఉపాధ్యాయుడును వారమున కొకతూరి శిష్యులతో మైదానమున నిలువవలెను. రహీముగారు మొదట బడిపంతులు, పిమ్మట శిక్షకులు. అట్టి గురువులను మన పాఠశాలలకు దేవుడు దయచేయును గాక. వచ్చినవారికి ఒక గంట విడిచిపెట్టుట మాత్రము మన చేతిలోని పని.