ప్లాంటు ఆగినప్పుడే అసలు పని



రిఫైనరీ నడుస్తున్నన్నాళ్లూ అందరి చూపూ ఉత్పత్తి మీదే ఉంటుంది. అది ఆగినప్పుడు లోపల జరిగే పని గురించి పట్టించుకునేవారు తక్కువ. అందుకే ఈ సంచికను షట్‌డౌన్‌లకు కేటాయించాం. 1957 నుంచి చమురు శుద్ధి జరుగుతున్న విశాఖలోనూ, గల్ఫ్ దేశాల్లోనూ మన ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు ఈ పనులు చేస్తున్నారు. వాళ్ల ప్రాణాలతో ముడిపడిన విషయమిది.

1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫాం మీద మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వును తీసి, ఆ చోట బ్లైండ్ ఫ్లాంజ్ (పైపును మూసే పలక) పెట్టారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. వాళ్లు పంపు ఆన్ చేశారు. లీకేజీతో మొదలైన పేలుళ్లు, మంటల్లో 167 మంది చనిపోయారు.

ఈ సంచికలోని రచనలన్నీ చివరికి అక్కడికే వస్తాయి: చేసిన పని ఎంత ముఖ్యమో, దాని సమాచారం తర్వాతి మనిషికి చేరడమూ అంతే ముఖ్యం. ఏ లైనులో ఏ నంబరు బ్లైండ్ వేశారో రాసిపెట్టాలి. ప్లాంటు తిరిగి నడిపేముందు ఒక్కొక్కటీ తీశారని చూసి సంతకం చేయాలి. విడిభాగాలు, క్రేన్లు, మనుషుల ఏర్పాట్లు నెలల ముందే తేలాలి. గడువు తరుముతున్నా, అనుమానం వస్తే పని ఆపమనే హక్కు కాంట్రాక్టు హెల్పరుకూ ఉండాలి. ఈ మాటను గట్టిగా చెప్పడానికే ఈ సంచిక.

చదవండి. మీ సైటు అనుభవాలు మాకు రాయండి.

— సంపాదకులు