సేటు లెక్క, మన లెక్క

పోయిన నెల మన ఈ-సెల్ ప్రోగ్రాంలో ఒక స్లైడ్ పడగానే సెమినార్ హాల్ మొత్తం చప్పట్లతో మోగింది. స్లైడ్ మీద రెండు ఫొటోలు. ఒకటి జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ అధిపతి మసయోషి సన్‌ది, రెండోది చైనాలో అలీబాబా పెట్టిన జాక్ మాది. 2000లో జాక్ మాతో కొద్ది నిమిషాలు మాట్లాడి సన్ 2 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టాడట. 2014లో అలీబాబా న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌కు వచ్చేసరికి సాఫ్ట్‌బ్యాంక్ చేతిలో ఉన్న వాటా విలువ 5,000 కోట్ల డాలర్లు దాటింది. "రిస్క్ తీసుకోనోడు ఏం సాధించలేడు" అని స్టేజీ మీద ఉన్న సీనియర్ అన్నాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టిన.

రూముకు వచ్చినాక మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. సన్ తీసుకున్న రిస్కూ మనల్ని తీసుకోమంటున్న రిస్కూ ఒకటేనా? ఆ రాత్రి సాఫ్ట్‌బ్యాంక్ గురించి చదవడం మొదలుపెట్టిన. చదివినకొద్దీ ఆ స్లైడ్ సగం కథే చెప్పిందని అర్థమైంది. మిగిలిన సగం చెప్పడానికే ఈ వ్యాసం.

సాఫ్ట్‌బ్యాంక్ 1981లో టోక్యోలో మొదలైంది. అప్పట్లో అది సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను టోకుగా తెచ్చి షాపులకు అమ్మే కంపెనీ. 90లలో ఇంటర్నెట్ రాగానే సన్ అమెరికా వెళ్లి యాహూలో డబ్బు పెట్టాడు, 1996లో యాహూ జపాన్ మొదలుపెట్టించాడు. ఆ తర్వాత కనబడిన ప్రతి ఇంటర్నెట్ కంపెనీలో పెట్టుకుంటూ పోయాడు. డాట్‌కామ్ ఊపులో సాఫ్ట్‌బ్యాంక్ షేర్ ఆకాశానికి చేరింది. 2000లో బుడగ పగిలింది. షేర్ విలువలో 90 శాతానికి పైగా పోయింది. సన్ సొంత ఆస్తిలోనే దాదాపు 7,000 కోట్ల డాలర్లు ఆవిరైనయని అంటారు. చరిత్రలో ఒక మనిషి అంత పోగొట్టుకోవడం అదే మొదటిసారి అని కూడా రాశారు.

మరి ఆయన ఎట్లా లేచాడు? ఆయన పెట్టిన వందల కంపెనీల్లో చాలావరకు పోయినా, అలీబాబా మిగిలింది. వంద గుడ్లలో ఒక్కటి పొదిగింది, ఆ ఒక్కటే కొండంత అయింది. దాని బలం మీదే 2016లో బ్రిటన్ చిప్ డిజైన్ కంపెనీ ఆర్మ్‌ను 3,200 కోట్ల డాలర్లు పెట్టి కొన్నాడు. మన జేబుల్లో ఉన్న ఫోన్లన్నీ దాదాపు ఆర్మ్ డిజైన్ మీదే నడుస్తయి.

ఇక్కడ ఒక్క నిమిషం మన దగ్గరికి వద్దాం. ఎందుకంటే అదే టెక్ బుడగ మన సికింద్రాబాద్‌ను కూడా తాకింది. రమేశ్ గెల్లి నాయకత్వంలో 1994లో సికింద్రాబాద్ కేంద్రంగా గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ మొదలైంది. కొత్త తరం ప్రైవేట్ బ్యాంకు అని జనం దాని షేర్లకు ఎగబడ్డారు. ఆ బ్యాంకు షేర్ మార్కెట్ దళారులకు, ముఖ్యంగా కేతన్ పారేఖ్‌కు సంబంధించిన వాళ్లకు, మితిమీరి అప్పులిచ్చింది. పారేఖ్ ఆడింది ఎక్కువగా ఐటీ, టెలికాం, మీడియా షేర్లతో. 2001లో అవి కూలగానే బ్యాంకు కూడా వంగింది. యూటీఐ బ్యాంకులో విలీనం అనుకున్నది ఆగిపోయింది, గెల్లి తప్పుకున్నాడు. చివరికి 2004 జులై 24న రిజర్వ్ బ్యాంక్ మారటోరియం పెట్టింది. ఖాతాలో ఎంతున్నా 10,000 రూపాయలు మించి తీసుకోవద్దన్నది. ఆగస్టు 14న దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్లు పెట్టినవాళ్లు బతికిపోయారు. షేర్లు కొన్నవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి రాలేదు.

ఒకే బుడగ, రెండు కథలు. తేడా ధైర్యంలో లేదు, రెండు చోట్లా ధైర్యం ఎక్కువే. తేడా ఎక్కడంటే, సన్ దగ్గర పోయినవాటిని పూడ్చే ఒక అలీబాబా ఉంది. జీటీబీ షేర్లు కొన్న రిటైర్డ్ ఉద్యోగికి అట్లాంటిది ఏం లేదు.

మళ్లీ జపాన్‌కు పోదాం. 2017లో సన్ విజన్ ఫండ్ పెట్టాడు. మొత్తం దాదాపు 10,000 కోట్ల డాలర్లు. టెక్నాలజీ కంపెనీల కోసం అంత పెద్ద నిధి అంతకుముందు లేదు. అందులో 4,500 కోట్లు సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి నుంచి, 1,500 కోట్లు అబుదాబి నుంచి వచ్చినయి. అంటే ఆ సంచిలో పెద్ద భాగం వేరేవాళ్లదే. మన దేశంలోనూ ఫ్లిప్‌కార్ట్, ఓలా, ఓయో, పేటీఎం, ఇట్లా పెద్ద పేర్లలో చాలావాటికి సాఫ్ట్‌బ్యాంక్ డబ్బు అందింది.

తర్వాత దెబ్బలు మొదలైనయి. ఆఫీసులను లీజుకు తీసుకుని ముక్కలుగా అద్దెకిచ్చే వీవర్క్‌ను టెక్నాలజీ కంపెనీ అన్నారు. 2019 జనవరిలో దాని విలువ 4,700 కోట్ల డాలర్లని లెక్క కట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఐపీఓ ఆగిపోయింది. సాఫ్ట్‌బ్యాంకే మళ్లీ వేల కోట్లు పోసి కాపాడాల్సి వచ్చింది. 2023 నవంబర్‌లో వీవర్క్ దివాలా పిటిషన్ వేసింది. ఇంకో చేదు ముచ్చట: విజన్ ఫండ్ దగ్గర ఎన్విడియాలో దాదాపు 5 శాతం వాటా ఉండేది. 2019 మొదట్లో దాన్ని అమ్మేసింది. తర్వాత ఎన్విడియా ఎక్కడికి పోయిందో మనకెవరూ చెప్పనక్కర లేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు, ఫండ్‌లో ఉన్న 88 కంపెనీల్లో ఒక 15 దివాలా తీయొచ్చని సన్ తనే చెప్పాడు. ఇంకో 15 బ్రహ్మాండంగా నిలబడతాయని కూడా అన్నాడు. ఆ మేలో చూపించిన ప్రెజెంటేషన్‌లో యూనికార్న్‌లు 'కరోనా లోయ'లో పడిపోతుంటే, రెక్కలున్న ఒకటి ఎగిరి అవతలికి చేరే బొమ్మ ఉంది. మనం సెమినార్‌కు చేసే పీపీటీలు నయం.

2022 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడే నెలల్లో సాఫ్ట్‌బ్యాంక్ నష్టం 3.16 లక్షల కోట్ల యెన్‌లు. ఆ లెక్కలు చెప్పే రోజు సన్ తొకుగవ ఇయెయసు అనే పాతకాలపు జపాన్ సేనాని చిత్రాన్ని తెర మీద పెట్టాడు. యుద్ధంలో ఓడి వచ్చి, ఆ అవమానం మరిచిపోవద్దని ఆ సేనాని తన దీనమైన ముఖాన్ని బొమ్మ గీయించుకున్నాడని చెప్పుకునే చిత్రం అది. లాభాల్లో పొంగిపోయినందుకు సిగ్గుపడుతున్నానని సన్ ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. కానీ ఆ తర్వాత ఏమైంది? 2023లో ఆర్మ్ మార్కెట్‌కు వచ్చి మళ్లీ నిలబెట్టింది. 2025 జనవరిలో ఓపెన్ఏఐ, ఒరాకిల్‌తో కలిసి 50,000 కోట్ల డాలర్ల స్టార్‌గేట్ ప్రాజెక్టు ప్రకటించాడు. అంటే ఆయన మళ్లీ ఆటలోనే ఉన్నాడు.

ఇది చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది ఆదిలాబాద్ దిక్కు. నల్లరేగడి, పత్తి తప్ప వేరే ధ్యాస లేని ఊరు. మిరుగం పడగానే మా బాపు విత్తనాలు, ఎరువులు, పురుగుల మందులు అన్నీ దుకాణం సేటు దగ్గర ఉద్దెరకు తెస్తడు. పత్తి తీసినాక వడ్డీతో సహా లెక్క. సేటు ఖాతా బుక్కులో మా బాపు పేరు లాంటివి ఒక అరవై ఉంటయి. ఒక ఏడు వానలు ఎక్కువై పూతా గూడా రాలిపోయినయి. మిగిలిన కాయకు గులాబీ పురుగు. ఉన్న నాలుగు క్వింటాళ్లు యార్డుకు తీసుకపోతే తేమ ఎక్కువున్నదని వాపస్ పంపిన్రు. అప్పుడు నేను ఇంటర్. "మనది పోతే సేటుది కూడా పోయినట్టే కదా" అని అడిగిన. బాపు నవ్వి, "సేటుకేమైతది బిడ్డా? ఒకళ్లది పోతే ఇంకొకళ్లది అత్తది. మనకున్నదే నాలుగెకరాలు" అన్నడు.

నాకు తెలిసినంతలో వెంచర్ క్యాపిటల్‌కు ఇంతకంటే మంచి నిర్వచనం లేదు. సేటు చెడ్డవాడని కాదు. ఆయన ఉద్దెర ఇయ్యకపోతే మాకు విత్తనమే పడదు. కాకపోతే ఆయన లెక్క అరవై చేన్ల మీద, మా లెక్క ఒక్క చేను మీద. 88లో 15 పోతాయనడం సన్‌కు ఒక అంచనా. ఆ 15 కంపెనీల్లో పనిచేసే పిల్లలకు అది ఇంటి అద్దె, చెల్లె పెండ్లి, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ.

పేటీఎం సంగతే చూడండి. 2021 నవంబర్‌లో ఒక్కో షేర్ 2,150 రూపాయలకు అమ్మారు. మార్కెట్‌లోకి వచ్చిన మొదటి రోజే 27 శాతం పడింది. ఏడాదికి 500 కిందికి జారింది. సాఫ్ట్‌బ్యాంక్ కూడా అందులో నష్టపోయింది, మెల్లమెల్లగా అమ్ముకుని 2024లో పూర్తిగా బయటపడింది. ఒకే కంపెనీలో ఇద్దరికీ నష్టం. కానీ ఒకరికి అది వందల్లో ఒక లైను. మొదటి జీతంతో ఐపీఓకు అప్లై చేసిన కుర్రాడికి ఉన్నదంతా అదే.

నాకు తెలిసిన ఒక అన్న కథ కూడా చెప్పాలె. 2022లో ఫైనల్ ఇయర్. బాగా ఫండింగ్ వచ్చిన ఒక స్టార్టప్‌లో ఆఫర్ వచ్చింది. ప్యాకేజీలో సగం దాకా షేర్ల రూపంలోనే. దాని కోసం చేతిలో ఉన్న సర్వీస్ కంపెనీ ఆఫర్ వదులుకున్నడు. జాయినింగ్ జులై అన్నారు, తర్వాత అక్టోబర్ అన్నారు, తర్వాత ఒక మెయిల్ వచ్చింది. నాలుగు లైన్ల మెయిల్. ఏడాదిన్నర ఖాళీగా తిరిగి ఇప్పుడు కరీంనగర్ ఐటీ టవర్‌లో ఒక చిన్న కంపెనీలో చేస్తున్నడు. తెలివి తక్కువోడా? కాదు. ఆయన రాసిన కోడ్‌లో తప్పు లేదు. ఎక్కడో ఎవరో వడ్డీ రేట్లు పెంచినందుకు, ఇంకెవరో పెద్ద ఫండ్ చెయ్యి వెనక్కి తీసుకున్నందుకు ఆయన జాయినింగ్ డేట్ పోయింది.

"అయితే స్టార్టప్‌లు వద్దా? అందరం గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుదామా?" అని మీరు అడగొచ్చు. నా మాట అది కాదు. విజయవాడ నుంచి వెళ్లిన శ్రీహర్ష మాజేటి మిత్రులతో కలిసి 2014లో స్విగ్గీ పెట్టాడు. దాంట్లోనూ సాఫ్ట్‌బ్యాంక్ డబ్బు ఉంది. అట్లాంటి పెట్టుబడి లేకుంటే ఏళ్ల తరబడి నష్టాలు మోసి ఆ కంపెనీ 2024లో స్టాక్ మార్కెట్ దాకా వచ్చేదే కాదు. కొత్త పనికి బ్యాంకు లోన్ ఇయ్యదు, తాకట్టు అడుగుతది. మునిగినా వసూలు చెయ్యని డబ్బు ఎవరో ఒకరు పెట్టాలె. ఆ పని చేసేవాళ్లను నేను గౌరవిస్తా.

నేను చెప్పేది ఒక్కటే: సన్ ధైర్యాన్ని మెచ్చుకోండి, ఆయన లెక్కను మాత్రం మీకు అంటగట్టుకోకండి. ఆయనకు వందల చేన్లు, మనకు ఒక్కటే చేను. వయసు ఒక్కటే, నాన్న పెట్టిన ఫీజు ఒక్కటే.

కాబట్టి ఒక చేను ఉన్నోడు అడగాల్సిన ప్రశ్నలు అడుగుదాం. స్టార్టప్ ఆఫర్ వస్తే ప్యాకేజీ తర్వాత, ముందు కంపెనీ దగ్గర ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందో అడగండి. ఒక్కో ఆర్డర్ మీద లాభం వస్తుందా, లేక తర్వాతి ఫండింగ్ వస్తేనే జీతాలా? షేర్లు ఇస్తమంటే అవి ఎన్నేళ్లకు చేతికి వస్తాయి, మధ్యలో తీసేస్తే ఏమైతది? అడిగితే హెచ్ఆర్ ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. సేటు దగ్గర వడ్డీ ఎంతని అడగకుండా బస్తా ఎత్తుకొచ్చే రైతు లేడు. ఇక కంపెనీ పెడదామనుకునేవాళ్లు డిగ్రీ వదిలేసిన హీరోల కథలు విని సర్టిఫికెట్ వదులుకోకండి. అది మీ రెండో పంట.

ఈ-సెల్ మిత్రులకు ఒక విన్నపం. వచ్చే ప్రోగ్రాంలో అలీబాబా స్లైడ్ పక్కన వీవర్క్ స్లైడ్ కూడా పెట్టండి. నిలబడిన సీనియర్లను పిలిచినట్టే, కంపెనీ పెట్టి మూసేసిన సీనియర్‌ను కూడా ఒకర్ని పిలవండి. ఎంత పోయింది, ఎట్లా తేరుకున్నడు, మళ్లీ పెడితే ఏం మార్చుకుంటడు, ఇవి ఆయన నోటి వెంట విందాం.

ఆయన వస్తే, ఈసారి నేను ముందు వరుసలో కూర్చుంటా. చప్పట్లు కూడా గట్టిగానే కొడతా.